పెనుకొండలో పాటకు పడిన సంకెల

పెనుకొండలో ఒక కవిని సంకెళ్లు వేసి చెరలో పెట్టారు. ఆయన చేసిన తప్పు, రాజు అడిగిన శృంగారపదం చెప్పనని మొండికేయడం. కవి తాళ్లపాక అన్నమాచార్యులు. రాజు సాళువ నరసింగరాయలు, తర్వాత 1485లో విజయనగర సింహాసనం ఎక్కినవాడు. మా వైపు గుళ్లూ కోటలూ చూపించేవాళ్లు లేపాక్షి నంది దగ్గరికీ గగన్ మహల్ దగ్గరికీ తిప్పుతారు గానీ ఈ సంగతి ఎత్తరు. నేను హిందూపురంలో ఆడపిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పుట్టింది ధర్మవరంలో, మగ్గాల చప్పుడు మధ్య. మెట్టింది పెనుకొండ. నా బతుకంతా ఈ మూడు ఊళ్ల బస్సుల్లోనే గడిచింది గనక, ఈ నేల మీద వలపు గురించి ఎవరెవరు ఏం రాశారో చెప్పే చనువు తీసుకుంటున్నాను. సీమ అంటే కరువు, ఫ్యాక్షను, శెనక్కాయలు అని తేల్చేసే మా కోస్తా బంధువులకు మరీ ముఖ్యంగా చెప్పాలి.

ఈ కథను రాసిపెట్టింది అన్నమయ్య మనవడు చినతిరువేంగళనాథుడు. చిన్నన్న అంటే త్వరగా గుర్తొస్తాడు. తాత జీవితాన్ని ద్విపదలో చెప్పాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పీఠికతో అది 1949లో తిరుపతిలో అచ్చయింది. మనవడు చెప్పిన తాత కథ గనక అందులో మహిమలుంటాయి, ఇనుము దానంతటదే తెగిపడుతుంది. ఆ భాగాన్ని ఎవరి నమ్మకం కొద్దీ వాళ్లు చదువుకోవచ్చు. నా కన్నంతా అంతకుముందు కొలువులో నడిచిన మాటల మీద.

నరసింగరాయలు అన్నమయ్యకు కొత్తవాడు కాదు, టంగుటూరులో ఉన్ననాటి నుంచీ స్నేహితుడు. పెనుకొండకు పిలిపించుకుని, వేంకటేశ్వరుడి మీద కట్టిన శృంగారపదాల్లో మంచిదొకటి వినిపించమన్నాడు. అన్నమయ్య పాడిన పాట నేటికీ కచేరీల్లో వినబడుతూనే ఉంది. రాత్రి గడిచాక అలమేలుమంగను చూసి చెలికత్తెలు చెప్పుకునే మాటలవి. పెదవి మీద కస్తూరి మరక, కంటి కొనల్లో ఎరుపు, పైట చాటున గోటి గుర్తులు. ఒక్కోదానికి ఒక్కో అందమైన కారణం ఊహిస్తారు. అసలు కారణం అందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరిచి అనరు. రాజు కరిగిపోయి మళ్లీ మళ్లీ పాడించుకున్నాడు. ఆ ఊపులో, ఇలాంటిదే నా మీద కూడా ఒకటి చెప్పమన్నాడు.

ఆ కాలపు లెక్కన ఇది గొంతెమ్మ కోరికేం కాదు. తెలుగులో కావ్యాన్ని కన్య అంటారు. అంకితం పుచ్చుకున్నవాడు కృతిపతి, కృతిభర్త. కవి పిల్లను కన్న తండ్రి, రాజు అల్లుడు. పీఠికల్లో షష్ఠ్యంతాలన్నీ ఆ పెళ్లికొడుకు గుణగణాలే. నరసింగరాయలకు అప్పటికే ఈ అల్లుడి మర్యాదల రుచి తెలుసు. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆ పినవీరభద్రుడే రాజు కొలువులో సరస్వతి తన రాణి అని పందెం వేసినట్టు మాట్లాడాడని, దేవి స్వయంగా ఔనని పలికి ఒప్పించిందని చాటుకథ. అలాంటి కొలువులో పెరిగిన రాజు మరో కవిని ఒక్క పాట అడిగితే తప్పేమిటని అనుకుని ఉంటాడు.

తప్పు ఎక్కడుందంటే, అన్నమయ్య కట్టేది కావ్యకన్యను కాదు. ఆయన పదాల్లో మాట్లాడేది చాలాసార్లు అలమేలుమంగే, లేకపోతే ఆమె చెలికత్తె. వినే మగవాడు ఒక్కడే, కొండ మీద ఉన్నవాడు. పాడేటప్పుడు కవి తండ్రి స్థానంలో ఉండడు, ఆడదాని గొంతులోకి దిగిపోతాడు. ఆ గొంతుతో నరసింగరాయలను పిలవమంటే ఏమడిగినట్టు? చెవులు మూసుకుని, హరిని పొగిడిన నాలుకతో నిన్ను పొగడనని లేచాడు. స్నేహం అక్కడితో సరి. కాళ్లకు వేసిన సంకెల పేరు 'మూరురాయరగండ'. ముగ్గురు రాజులకు మగడని అర్థమొచ్చే బిరుదది. రాజుకు ఏ బిరుదుందో ఇనుముకూ అదే పేరు పెట్టుకున్నారు. మగతనాన్ని చాటుకునే మాటను తెచ్చి, ఆడగొంతుతో పాడినవాడి కాలికి తగిలించారు. చిన్నన్న ఈ పోలికను కావాలనే చేశాడో లేదో గానీ నాకు మాత్రం ద్విపద మొత్తంలో ఇదే గుచ్చుకుంటుంది. సంకెల తెగిందని కాపలావాళ్లు చెబితే రాజు నమ్మక, తానే వచ్చి మళ్లీ వేయించాడు. రెండోసారీ తెగాకే కాళ్ల మీద పడ్డాడు.

పెనుకొండకు బందీలు కొత్తకాదు. కృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు చివరి రోజులు ఇక్కడి చెరలోనే గడిచాయని మా ఊళ్లో చెప్పుకుంటారు. అది పదవి తగాదా. పాట మీద తగాదాతో చెరకు వెళ్లినవాళ్లలో నాకు తెలిసినంతలో అన్నమయ్య ఒక్కడే.

ఇక్కడ ఒక సందేహం తీర్చేసి ముందుకు పోతాను. రాజు కోరికను కాదన్న కథ అనగానే చాలామంది వాసవీ కన్యక కథ అనుకుంటారు. విష్ణువర్ధనుడు కోరితే, తనవాళ్లతో కలిసి అగ్నిలోకి నడిచిన పిల్ల ఆమె. అది గోదావరి వైపు పెనుగొండ. మాది పెన్న వైపు పెనుకొండ. పేర్లు కలిశాయి, కథల్లో రాజుల బుద్ధీ కలిసింది.

వలపు పాట మీద పెత్తనం ఎవరిదన్న తగవు రోములో దీనికి పదిహేను వందల ఏళ్ల ముందే వచ్చింది. ఆగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 18లో వ్యభిచారాన్ని రాజ్య నేరంగా మారుస్తూ చట్టాలు చేశాడు. కొన్నేళ్లకు ఓవిడ్ అనే కవి ప్రేమించడం ఎలాగో నేర్పుతానంటూ, వ్యవసాయం మీదో వేట మీదో రాసిన పాఠ్యగ్రంథం ఫక్కీలో ఒక కావ్యం రాశాడు. రెండు భాగాలు మగవాళ్లకు, మూడోది ఆడవాళ్లకు. క్రీ.శ. 8లో ఆయన్ను నల్లసముద్రం ఒడ్డున టోమిస్ అనే ఊరికి తరిమేశారు. తన్ను ముంచినవి ఒక కావ్యం, ఒక పొరపాటు అని ఓవిడే రాసుకున్నాడు. ఆ పొరపాటేమిటో మాత్రం చెప్పకుండానే అక్కడే పోయాడు. అక్కడ రాసినందుకు శిక్ష పడితే పెనుకొండలో రాయనన్నందుకు పడింది. ఇద్దరు ఏలికలూ అనుకున్నది ఒకటే: మనుషుల కోరికకు కూడా తామే యజమానులమని.

ఓవిడ్ రోముకూ మన నేలకూ మధ్య అప్పట్లో ఓడలు నడుస్తున్నాయి. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్సులు లాగేస్తోందని ప్లినీ క్రీ.శ. ఒకటో శతాబ్దంలోనే వాపోయాడు. ఆ డబ్బు మిరియాలకూ, ముత్యాలకూ, సన్నటి బట్టలకూ పోయేది. రోము బంగారు నాణేలు తెలుగు నేలలో ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. ఆ కాలపు దక్కనులో సాతవాహనుల ఏలుబడి. హాలుడి పేరుతో ఉన్న గాథాసప్తశతి పుట్టుక అక్కడిదే. మహారాష్ట్రీ ప్రాకృతంలో, ఒక్కొక్కటి రెండే పాదాలుగా, ఇంచుమించు ఏడు వందల గాథలు. తర్వాతి కాలంలో కొన్ని చేరాయి, కొన్ని మారాయి. పట్టణాలు, రాజులు అందులో కనబడటం తక్కువ. గోదావరి ఒడ్డు, జొన్నచేలు, బాటసారి పెళ్లాం, పటేలు కొడుకు, అత్తకు వినబడకుండా మాట్లాడే కోడలు ఉంటారు. ఓవిడ్ మాస్టారులా పాఠం చెబుతాడు. గాథల్లో నేర్పేవాళ్లెవరూ లేరు. నాలుగు పల్లెలు, పొలం పనులు, ఆడవాళ్ల చూపులు ఉంటాయి అంతే.

హిందూపురంలో ఎండాకాలం క్లాసులో నేను ఈ గాథల్లో ఒకటి చెప్పేదాన్ని. దాహంతో వచ్చిన బాటసారి చలివేంద్రం దగ్గర దోసిలి పడతాడు. నీళ్లు పోసే పిల్లను ఇంకాసేపు చూడాలని వేళ్ల సందులు వదులు చేస్తాడు. ఆ పిల్ల అది గమనించి, నీటి ధారను ఇంకా సన్నం చేస్తుంది. అంతే కథ. పరిగి నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల లేచి, "మేడమ్, దీంట్లో ప్రేమించుకున్నారని ఎక్కడుంది?" అని అడిగింది. పక్క పిల్ల మోచేత్తో పొడిచి, "నీళ్లలో ఉందిలేవే, కూర్చో" అంది. ధ్వని సిద్ధాంతం మీద ఆనందవర్ధనుడికి కూడా ఇంత పొట్టి వ్యాఖ్యానం దొరికి ఉండదు.

శ్రీనాథుడు తన యవ్వనంలో ఈ సప్తశతిని తెలుగు చేశానని చెప్పుకున్నాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు. ఆ లోటు తీర్చినవాడు మా సీమవాడే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1893లో కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో పుట్టి, మైసూరులో పరకాల మఠం దగ్గర చదివి, కట్టమంచి రామలింగారెడ్డి గారి చలవతో అక్కడి మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు. గాథల్లోంచి ఏరి 'శాలివాహన గాథాసప్తశతీ సారము' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. తెలుగులో ఒకే మనిషి ఇంత అరుదైన రెండు పనులు చేయడం నాకు తెలిసి మరెక్కడా లేదు. ప్రాకృత గాథల పని ముగిశాక, వయసు మళ్లిన కాలంలో తిరుపతికి పిలిస్తే వెళ్లి, తాళ్లపాకవారి రాగిరేకుల మీద కూర్చున్నారు. అన్నమయ్య కీర్తనలు ముప్పైరెండు వేలని ప్రతీతి. దొరికినవి పధ్నాలుగు వేల దాకా. వాటిలో అధ్యాత్మం కన్నా శృంగారమే ఎన్నో రెట్లు ఎక్కువ. రేకుల మీద రాగం పేరుంటుంది గానీ స్వరాలుండవు. రాళ్లపల్లివారు నూరుకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. చలివేంద్రం పిల్లను తెలుగులో నిలబెట్టినవాడే అలమేలుమంగ సిగ్గుకు రాగం కట్టాడు. 1979లో పోయారు. కంబదూరు వైపు బస్సెక్కేవాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలియదు. అందుకు మా తెలుగు మాస్టార్లను తప్పు పట్టాలి, నాతో సహా.

అలమేలుమంగ గొంతులోకి మగకవి దిగిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అన్నమయ్యకు మూడు శతాబ్దాల ముందు, దక్షిణ ఫ్రాన్సులో ట్రుబాడూర్లనే గాయకకవులు ప్రేమపాటలు కట్టారు. వాళ్లలో మొదటివాడిగా చెప్పుకునే తొమ్మిదో గియోమ్ స్వయంగా అక్విటేన్ ప్రభువు, 1126లో పోయాడు. వాళ్ల పాటల్లో ప్రియురాలు దొరసాని, కవి ఆమె బంటు. ఆమె కిటికీ కింద నిలబడి, తాను ఎంత తగ్గి ఉన్నాడో చెప్పుకోవడమే ప్రేమ. అన్నమయ్య దగ్గర తగ్గడం, పెరగడం లెక్క వేరు. ఆయన పాటలో ఆమె అలుగుతుంది, దెప్పుతుంది, వాకిట నిలబెడుతుంది, ఇంకెవరి ఇంట్లో పడుకుని వచ్చావని ఏడుకొండలవాణ్ణే నిలదీస్తుంది. భక్తుడు దేవుణ్ణి అడగలేనివన్నీ పెళ్లాం అడుగుతుంది. అన్నమయ్య ఇంట్లోనే ఒక ఆడమనిషి కలం పట్టిందని మరిచిపోకూడదు. ఆయన భార్య తాళ్లపాక తిమ్మక్క అర్జునుడు సుభద్రను వలచి పెళ్లాడిన కథను 'సుభద్రాకల్యాణం'గా రాసింది. తెలుగులో మనకు తెలిసిన మొదటి కవయిత్రి ఆమేనని అంటారు.

నరసింగరాయలకు దక్కని వలపు కావ్యం పెనుకొండ ఏలికకు నూరేళ్ల లోపే దక్కింది. దక్కిన సందర్భం మాత్రం సంబరం చేసుకునేది కాదు. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు తల పోగొట్టుకున్నాడు. తమ్ముడు తిరుమలరాయలు వందల ఏనుగుల మీద ఖజానా ఎక్కించుకుని, పేరుకు చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడు. హంపీ కాలుతుండగా మా కొండ రాజధాని అయింది. 1570 ప్రాంతంలో తిరుమలరాయలు తానే రాజయ్యాడు. అంత ఓడిపోయి వచ్చిన కొలువులో రామరాజభూషణుడు ఏం రాసిచ్చాడు? యుద్ధకావ్యం రాయలేదు, విలాపం రాయలేదు. వసుచరిత్ర రాశాడు. వసురాజూ గిరికా ప్రేమించుకుని పెళ్లాడిన కథ. ఒక రాజ్యం కూలిన తర్వాత తెలుగులో పుట్టిన అంత నగిషీ పని మరొకటి లేదు. ఆయన పద్యాలను వీణ మీద వాయించవచ్చని సంగీతం తెలిసినవాళ్లు ఇప్పటికీ అంటారు.

కథ మూలం భారతం ఆదిపర్వంలో ఉంది. శుక్తిమతి అనే నది మీద కోలాహలమనే కొండ మోజుపడి, అడ్డం పడి ఆపేస్తుంది. వసురాజు కాలితో కొండను తన్ని నదికి దారి ఇస్తాడు. ఆ బలవంతానికి పుట్టిన ఇద్దరు బిడ్డల్లో గిరిక ఒకతె. ఆమెను రాజు వలుస్తాడు. కొండా నదీ మనుషుల్లా మసిలే ఈ కథను పెన్న ఒడ్డువాళ్లు చదివితే కాస్త నవ్వొస్తుంది. హిందూపురం దగ్గర పెన్నను ఆపడానికి కొండలు అక్కర్లేదు, దాంట్లో ఆగేందుకు నీళ్లుండాలి గదా అని మా స్టాఫ్ రూములో జోకు. అయినా ఈ కథను ఎన్నుకోవడంలో రామరాజభూషణుడి తెలివి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కోరిక రెండు రకాలుగా ఉంటుందని ఒకే కథలో, తల్లిదండ్రుల తరంలో ఒకటి, పిల్ల తరంలో ఒకటి పెట్టి చూపించాడు. తండ్రి అడ్డం పడ్డాడు. అల్లుడు అడిగి, విరహం పడి, చెలికత్తెల ద్వారా కబురు పంపి, పెళ్లికి నిలిచాడు. ఇక్కడ రాజు చేసిన మొదటి పని కొండను తన్నడం. వరద తగ్గిన ఏట్లో దారి వెతుక్కుంటున్న తిరుమలరాయలకు ఆ తన్ను ఎంత నచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

విరహ వర్ణనలు మాత్రం నాకు బరువే. చంద్రుణ్ణి తిట్టడం, గాలిని తిట్టడం, మన్మథుణ్ణి తిట్టడం. ప్రబంధాల్లో ప్రతి నాయికా ఈ ముగ్గుర్నీ తిట్టి తీరాలి. గిరిక కూడా తిట్టింది. శ్లేషలు విప్పుకోవడంలోనే పీరియడ్ అయిపోయేది. ముక్కు మీది పద్యానికి ఉన్న కథ పిల్లలకు ఎక్కువ నచ్చేది. ఆడదాని ముక్కును వర్ణించే పద్యం అసలు నంది తిమ్మన చెప్పిందని, రామరాజభూషణుడు దాన్ని కొనుక్కుని వసుచరిత్రలో పెట్టుకున్నాడని, అందుకే తిమ్మనకు ముక్కు తిమ్మన అని పేరొచ్చిందని చాటుకథ. నిజమో కాదో గానీ, ఒక ముక్కు మీద పద్యానికి మార్కెట్ ఉండేదని నమ్మిన సమాజం అది.

పెనుకొండలో కావ్యమైన ముచ్చట్లు లేపాక్షిలో అంతకు ముందే రంగూ రాయీ అయి ఉన్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, పెనుకొండ నాయకరం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు వీరభద్రుడి గుడిని పెంచారు. కప్పు మీద పార్వతికి చెలులు పెళ్లి అలంకారం చేస్తుంటారు. శివపార్వతులు పాచికలాడుతుంటారు. స్తంభాల మీద భిక్షాటనమూర్తి ముందు ఋషిపత్నులు చీర జారుతున్న స్పృహ లేకుండా నిలబడతారు. ఆ చిత్రాల్లో ఆడవాళ్ల చీరలు, చారలు, గళ్లు, పెద్ద అంచులు ఎంత వివరంగా ఉంటాయంటే, మా నాయన సైకిలు మీద లేపాక్షికి వెళ్లి, పెన్సిలుతో గ్రాఫు కాయితం మీద అంచులు దించుకుని వచ్చేవాడు. స్తంభాల మీద చెక్కిన హంసలూ తీగలూ ఆయన చేతిలో పెళ్లిచీర కొంగు మీదికి దిగేవి. ధర్మవరం పట్టులో ఆ డిజైన్లు ఇంకా తిరుగుతున్నాయి. పార్వతి కల్యాణం కోసం లేచిన కల్యాణమండపం మాత్రం పైకప్పు లేకుండా మధ్యలోనే ఆగిపోయింది. ఖజానా సొమ్ము గుడికి పెట్టేశాడని విరూపణ్ణ మీద నింద పడిందని, తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని కథ చెప్పి గోడ మీది మచ్చలు చూపిస్తారు. నాయన ఆ మచ్చల వైపు చూసేవాడు కాదు. అంచులే చూసేవాడు.

వలపు కావ్యాల మీద పెత్తనం ఇంగ్లీషువాళ్ల కాలంలో పోలీసు స్టేషనుకు మారింది. తంజావూరు కొలువులో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ సరిచేసి 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చు వేయిస్తే, మరుసటి ఏడే బూతని ముద్ర వేసి పుస్తకాలు స్వాధీనం చేసుకున్నారు. రాధ కోరికను ఆడది రాయడం, దాన్ని మరో ఆడది అచ్చువేయడం, రెండూ తప్పే అయ్యాయి. ఆ నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాంలో గాని పోలేదు. అచ్చు పుస్తకానికే అంత భయపడ్డ రోజుల్లో, అదే కోరిక వేదిక మీదికి ఎక్కింది. ఎక్కించినవాడు మా ఊరివాడు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టారు. బళ్లారిలో వకీలు. అక్కడ సరసవినోదిని సభ పెట్టి, 1887లో చిత్రనళీయంతో మొదలుపెట్టి, నాటకం వెంట నాటకం ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని బిరుదు. ఆయన పేరు ఎత్తగానే జనం చెప్పేది విషాద సారంగధర. ఆ కథ అందరికీ తెలిసిందే. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి చిన్నభార్య చిత్రాంగి సవతికొడుకు సారంగధరుడిని వలుస్తుంది. పావురం ఎగిరి ఆమె మేడలో వాలితే పట్టుకోవడానికి వెళ్లిన కుర్రాడు ఆమెను కాదంటాడు. ఆమె రాజుతో అబద్ధం చెబుతుంది. రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు. పదకొండో శతాబ్దపు రాజరాజుకు ఇలాంటి కొడుకున్నాడని చరిత్రకారులు ఒప్పుకోరు. గౌరన పదిహేనో శతాబ్దంలో నవనాథచరిత్రలో చెప్పాడు, తర్వాత చేమకూర వెంకటకవి చెప్పాడు, యక్షగానాలవాళ్లు చెప్పారు. గురజాడ అప్పారావు గారైతే కుర్రతనంలో, 1883లో ఇంగ్లీషులో రాసి అచ్చువేశారు. అది చూసిన శంభుచంద్ర ముఖర్జీ మీ భాషలో రాయమని సలహా ఇచ్చారంటారు. ఆ సలహాకు మనం ఎంత రుణపడి ఉన్నామో వేరే చెప్పక్కర్లేదు.

రోములోనూ ఇదే కథ ఉంది. క్రీ.శ. 65లో చనిపోయిన సెనెకా 'ఫేడ్రా' నాటకంలో సవతితల్లి సవతికొడుకు హిప్పాలిటస్‌ను వలచి, తానే నోరు తెరిచి అతనితో చెబుతుంది. అతను అసహ్యించుకుని పోతాడు. ఆమె నింద వేస్తుంది. తండ్రి శాపంతో సముద్రంలోంచి ఎద్దు లేచి, బెదిరిన గుర్రాలు హిప్పాలిటస్‌ను ఈడ్చి చంపేస్తాయి. ఆ తర్వాత ఫేడ్రా జరిగింది ఒప్పుకుని కత్తి మీద పడుతుంది. సెనెకా ఆమెను క్షమించలేదు గానీ, ఆమె లోపల ఏం మరుగుతోందో పేజీల కొద్దీ వినిపించాడు. తెలుగులో ఈ కథ సిద్ధుల మహిమగా మొదలైంది. నరికిన కాళ్లూ చేతులూ మళ్లీ మొలిచి, సారంగధరుడు చౌరంగి అనే సిద్ధుడు కావడమే అందులో అసలు సంగతి. చిత్రాంగి ఆ మహిమకు దారి వేసే మెట్టు మాత్రమే. రామకృష్ణమాచార్యులు ఆ మహిమ జోలికి పోకుండా నాటకాన్ని ఏడుపుతో ముగించారు. తెలుగు వేదిక మీద విషాదాంతం అప్పటికి కొత్త. మంగళహారతితో లేవడం అలవాటైన ప్రేక్షకులను కన్నీళ్లతో ఇంటికి పంపించడం మాటలు కాదు. నా లెక్కలో ఆ ముగింపు చేసిన పెద్ద పని, కోరికకు వెల ఉంటుందని చూపించడం. సిద్ధుడు వచ్చి అతికిస్తే చిత్రాంగి చేసిందీ, రాజు చేసిందీ రెండూ మాఫీ అయిపోతాయి. అతికించకపోతే ఎవరి లెక్క వాళ్లు అప్పజెప్పాలి.

చిత్రాంగి వేషం కట్టింది ఆ రోజుల్లో మగవాళ్లే. ఆచార్యులవారి మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. అన్నమయ్య ఆడగొంతు అరువు తెచ్చుకుని పాడినప్పుడు అది భక్తి అయింది. మీసాలు గొరిగించుకున్న నటుడు చిత్రాంగి వగలు పోతే మాత్రం అది వెటకారంగా మారే ప్రమాదముంది. రాఘవకు అది తెలుసనుకుంటాను. సినిమా వచ్చాక ఆ సమస్య తీరింది. 1957లో ఎన్టీ రామారావు సారంగధరుడు, భానుమతి చిత్రాంగి. కథ చెప్పే కొన్ని పద్ధతుల్లో, చిత్రాంగికి ముందు సారంగధరుడి పటమే చూపించి, పెళ్లి మాత్రం ముసలిరాజుతో చేస్తారు.

మా అమ్మ ఆ సినిమాను ధర్మవరంలో చూసింది. చదువుకున్నది కాదు. ఇంటికొచ్చి కండెలు చుట్టుకుంటూ నాయనతో అందట: "ఆ పటం జూపిచ్చినోళ్లను గదా ముందు అడగాల్సింది?" నాయన ఏమన్నాడో చెప్పలేదు. ఆ ప్రశ్నను నేను హిందూపురంలో బ్యాచి తర్వాత బ్యాచికి వేశాను. సిలబస్‌లో లేకపోయినా, వరూధినీ ప్రవరుల పాఠం అయిపోగానే వేసేదాన్ని. కొందరు చిత్రాంగి అబద్ధం చెప్పింది గనక ఆమెకు సానుభూతి దండగ అనేవాళ్లు. కొందరు రాజును, మంత్రులను, పెళ్లి కుదిర్చినవాళ్లను వరసపెట్టి బోనెక్కించేవాళ్లు. వరూధినిని తోసేసిన ప్రవరుణ్ణి మంచివాడని రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే చిత్రాంగి దగ్గరికొచ్చేసరికి రెండు జట్లుగా చీలిపోయేవాళ్లు. బెల్లు కొట్టాక పక్క క్లాసు లెక్చరరు తలుపు దగ్గర నిలబడి దగ్గినా ఆపేవాళ్లు కాదు.